బంగాళాఖాతం అడుగు నేల ఎక్కడ పుట్టింది?

గోపాలపురం నుంచి ఛత్రపురం దాకా ఒడిశాలోని గంజాం జిల్లా తీరం వెంట, అల వెనక్కి తగ్గిన చోట తడి ఇసుక మీద ఎర్రని, నల్లని చారలు తేలుతాయి. నల్లనివి ఇల్మనైట్ రేణువులు, ఎర్రనివి గార్నెట్ రేణువులు. తేలికైన తెల్ల ఇసుకను నీరు తనతో ఈడ్చుకుపోగా, బరువైన ఈ రేణువులు అక్కడే నిలిచిపోతాయి. ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ సంస్థ తవ్వి వేరుచేసే ఖనిజాలు ఇవే. వీటి పుట్టుక సముద్రంలో లేదు. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నకైట్ శిలలు ఎండకూ వానకూ అరిగి, ఏటి నీటిలో దిగివచ్చి ఇక్కడ పోగుపడ్డాయి. గజపతి జిల్లాలోని మహేంద్రగిరి మొదలు కోరాపుట్ పీఠభూమి దాకా పరుచుకున్న ఈ శిలలు సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం, భూమి లోతుల్లో, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మార్చుకున్నాయి. అదే వయసు, అదే లక్షణాలు ఉన్న శిలలు తూర్పు అంటార్కిటికా అంచున కూడా ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వాటిని రేనర్ శిలాసముదాయం అంటారు. ఒకప్పుడు ఒకే పర్వతపంక్తిలో భాగాలైన ఈ రెండు చోట్ల మధ్య ఇప్పుడు దాదాపు 10,000 కిలోమీటర్ల దూరం ఉంది.

ఖండాలు కదిలాయన్న సంగతి ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. అంతగా ఆలోచనలోకి రానిది, ఆ మధ్యలో ఏర్పడిన నేల సంగతి. రెండు ఖండాలు విడిపోయినప్పుడు వాటి మధ్య ముందే ఉన్న సముద్రపు అడుగు బయటపడలేదు. ఆ అడుగు అంతా విడిపోతున్న కొద్దీ కొత్తగా తయారైంది. తయారైన చోటు మహాసముద్ర మధ్య పర్వతశ్రేణి. ఈ విషయాన్ని పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అట్లాంటిక్ మహాసముద్రం ఉదాహరణగా చెబుతాయి. అది తప్పేమీ కాదు, కానీ బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగువారికీ, మహారాష్ట్ర వైపు సిరొంచ, నాందేడ్ ప్రాంతాల తెలుగువారికీ ఇంతకంటే దగ్గరి ఉదాహరణలు కాళ్ల కిందే ఉన్నాయి. గంజాం తీరం పగులు సముద్రంగా మారిన చోటు. సిరొంచ పగులు మధ్యలో ఆగిపోయిన చోటు. ఈ తేడాను అర్థం చేసుకోవాలంటే ముందు పర్వతశ్రేణి దగ్గర జరిగే పనిని చూడాలి.

భూగోళాన్ని చుట్టి అన్ని మహాసముద్రాల్లోనూ సాగే ఈ శ్రేణి పొడవు సుమారు 65,000 కిలోమీటర్లు. ఐస్‌లాండ్ లాంటి కొద్ది చోట్ల తప్ప మిగిలినదంతా నీటి కిందే ఉంది. దాని శిఖరం సగటున 2,500 మీటర్ల లోతున ఉంటే, దూరంగా ఉన్న సముద్రపు నేల 4,000 నుంచి 6,000 మీటర్ల లోతున ఉంటుంది. భూమి పైపొర పలకలుగా, అంటే కదిలే పెద్ద పెద్ద రాతి ముక్కలుగా విడిపోయి ఉంటుంది. శిఖరం వెంట అలాంటి రెండు పలకలు ఒకదానికొకటి దూరం జరుగుతుంటాయి. ఆ ఖాళీని పూరించడానికి కింది ప్రావారంలోని, అంటే భూపటలం అడుగున ఉన్న మందపాటి పొరలోని రాయి మెల్లగా పైకి లేస్తుంది. ప్రావారం ద్రవం అనుకోవడం పొరపాటు. అది మహావేడిగా ఉన్న ఘనశిల, కోట్ల ఏళ్ల కాలంలో మాత్రమే ప్రవహించగలిగే శిల. అది పైకి వచ్చేకొద్దీ మీద ఉన్న బరువు తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, దానితోపాటు కరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. కోరాపుట్ కొండల మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బరంపురంలో కంటే కాస్త తక్కువ వేడికే నీళ్లు మరిగినట్టే, కొత్తగా వేడి అందకపోయినా ఒత్తిడి తగ్గినందువల్లనే ఈ రాయిలో 10 నుంచి 20 శాతం దాకా కరుగుతుంది. కరిగిన భాగం, చల్లారితే బసాల్ట్ అనే నల్లరాయిగా మారే శిలాద్రవం. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి అది పైకి ఎగబాకుతుంది.

పైకి చేరిన శిలాద్రవంలో కొంత సముద్రపు అడుగున బయటపడుతుంది. గడ్డకట్టడానికి కొద్ది డిగ్రీల పైన ఉన్న చల్లటి నీరు తగలగానే దాని పైపొర గాజులా బిగుస్తుంది. లోపలి ద్రవం ఆ పొరను చీల్చుకుని పక్కకు మరో ముద్దగా ఉబ్బుతుంది, అదీ బిగుస్తుంది, మళ్లీ చీలుతుంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకున్న గుండ్రటి ముద్దలను దిండు లావా అంటారు. వీటి కింద, శిలాద్రవం పైకి వచ్చిన దారులు నిలువు గోడల్లా గడ్డకట్టి ఉంటాయి. ఒక్కొక్క గోడ మందం మీటరుకు అటూఇటూగా ఉంటుంది. కొత్త శిలాద్రవం చాలాసార్లు పాత గోడను నడిమికి చీల్చుకుని వస్తుంది, ఎందుకంటే అన్నిటికంటే వేడిగా, బలహీనంగా ఉండే చోటు అదే. చీలిన గోడలో సగం ఒక పలకతోనూ, సగం మరో పలకతోనూ వెళ్లిపోతుంది. అందుకే ఈ గోడలు బయటపడిన చోట, చల్లబడి సన్నని రేణువులతో గట్టిపడిన అంచు చాలా గోడలకు ఒక పక్కనే కనిపిస్తుంది. రెండో అంచు సముద్రం అవతలి ఒడ్డు వైపు ప్రయాణించింది. ఇంకా కింద, అదే శిలాద్రవం నెమ్మదిగా చల్లారి ఏర్పడిన గాబ్రో అనే ముతక రేణువుల శిల ఉంటుంది. అన్నీ కలిపి 6, 7 కిలోమీటర్ల మందం. ఖండాల భూపటలం సగటు మందం 35 నుంచి 40 కిలోమీటర్లు కాబట్టి, సముద్రపు భూపటలం దానితో పోలిస్తే చాలా పలుచన. ఇలాంటి సముద్రపు నేల ముక్కలు కొన్ని పలకల రాపిడిలో ఒడ్డుకు ఎక్కాయి. మన దేశంలో అండమాన్ దీవుల్లోనూ, లదాఖ్‌లోనూ వాటిని చూడవచ్చు.

ఇక్కడే ఒక అపోహను తొలగించుకోవాలి. శిలాద్రవం పైకి తన్నుకొచ్చి పలకలను రెండు పక్కలకూ నెడుతుందన్న భావన చాలా మందిలో ఉంది. అది కంటికి ఇంపైన బొమ్మే కానీ నిజం దానికి దాదాపు తలకిందులు. పలకలు విడిపోవడం వల్ల ప్రావారం పైకి వస్తుంది, ప్రావారం రావడం వల్ల పలకలు విడిపోవడం లేదు. పలకలను ప్రధానంగా కదిలించేది వాటి అవతలి కొస. అక్కడ చల్లబడి బరువెక్కిన పాత సముద్రపు నేల ప్రావారంలోకి కుంగుతూ మిగతా పలకను తనతో లాగుతుంది. దీనికి బలమైన ఆధారం ఉంది: ఇలా కుంగే అంచు ఎక్కువగా ఉన్న పసిఫిక్, నాజ్కా పలకలు వేగంగా కదులుతుంటే, అలాంటి అంచు లేని పలకలు మందకొడిగా ఉన్నాయి. ఎత్తైన శ్రేణి వాలు మీద నుంచి పలక జారే బలం కూడా ఉంది కానీ అది రెండో స్థానంలోనిది. అంటార్కిటికాను గమనిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆ ఖండం చుట్టూ దాదాపు అన్ని వైపులా పర్వతశ్రేణులే ఉన్నాయి. అవి నెట్టే యంత్రాలే అయితే ఆ పలక అన్ని వైపుల నుంచీ నలిగిపోవాలి. అలా జరగడం లేదు. ఆ పలక అన్ని వైపులా పెరుగుతోంది, శ్రేణులే దాని నుంచి దూరంగా జరుగుతున్నాయి.

అంటే పర్వతశ్రేణి ఒకచోట పాతుకున్న గుంజ కాదు, తనూ ప్రయాణిస్తుంది. గంజాం తీరం విషయంలో ఇది ముఖ్యం. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం, క్రెటేషియస్ యుగపు తొలి భాగంలో, భారత ఖండమూ అంటార్కిటికా విడిపోవడం మొదలైనప్పుడు, నేలను చీల్చిన పగులు నేటి తూర్పు తీరం పొడవునా ఉంది. ఇప్పుడు గోపాలపురం దీపస్తంభం ఉన్న చోటికి కాస్త తూర్పున ఆ తొలి శిలాద్రవం పైకి వచ్చి ఉండాలి. ఆ తర్వాత పుట్టిన ప్రతి కొత్త నేలముక్కా తీరానికీ శ్రేణికీ మధ్య చేరి రెంటినీ ఎడం చేసింది. మధ్యలో పలకల హద్దులు మారాయి, కొన్ని శ్రేణులు ఆగిపోయాయి, కొత్తవి మొదలయ్యాయి. నేడు అంటార్కిటికా పలకకు ఉత్తరపు హద్దుగా ఆగ్నేయ హిందూ మహాసముద్ర శ్రేణి, నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణి ఉన్నాయి. రెండూ మధ్య హిందూ మహాసముద్ర శ్రేణితో కలిసే చోటు రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయంగా, దక్షిణ అక్షాంశం 25 డిగ్రీల ప్రాంతంలో ఉంది. మూడు పలకలు కలిసే ఆ చోట నేల మూడు వేర్వేరు వేగాలతో తెరుచుకుంటోంది. ఆగ్నేయ శ్రేణి దగ్గర సంవత్సరానికి 6 సెంటీమీటర్లకు పైగా, నైరుతి శ్రేణి దగ్గర కేవలం 1.4 సెంటీమీటర్లు. అంత నెమ్మదిగా తెరుచుకునే చోట శిలాద్రవం చాలినంత రాదు. అందువల్ల నైరుతి శ్రేణిలో కొన్ని చోట్ల బసాల్ట్ కవచమే లేకుండా ప్రావారపు రాయి నేరుగా సముద్రపు అడుగున బయటపడి ఉంది.

శ్రేణి ఎందుకు ఎత్తుగా ఉంటుందన్నది దీనికి అనుబంధమైన ప్రశ్న. నేలమీద కొండల మాదిరి అది ముడతపడి లేచినది కాదు, లావా గుట్టగా పోగుపడినదీ కాదు. వేడిగా ఉన్న రాయి వ్యాకోచించి తేలికగా ఉంటుంది కాబట్టి ఎత్తుగా తేలుతుంది. చల్లారేకొద్దీ బిగుసుకుని, బరువెక్కి కుంగుతుంది. ఈ కుంగుబాటు వయసు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. నేల వయసును పది లక్షల ఏళ్ల ప్రమాణంలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 350తో గుణించి 2,500కు కలిపితే లోతు మీటర్లలో వస్తుంది. కోటి ఏళ్ల నేలకు ఇది సుమారు 3,600 మీటర్లు, నాలుగు కోట్ల ఏళ్ల నేలకు సుమారు 4,700 మీటర్లు. 7, 8 కోట్ల ఏళ్లు దాటాక కుంగడం మందగిస్తుంది. ఇంత సాదా సూత్రం ఇంత విశాలమైన నేలకు సరిపోవడం భూగర్భ శాస్త్రంలో అరుదైన విషయం.

బంగాళాఖాతంలో మాత్రం ఈ లెక్క తప్పినట్టు కనిపిస్తుంది. అంత పాత నేల 5,000 మీటర్లకు మించిన లోతున ఉండాలి, కానీ బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లే. కారణం హిమాలయాలు. గంగా, బ్రహ్మపుత్ర నదులు కోట్ల ఏళ్లుగా మోసుకొస్తున్న మట్టి, ఇసుక అడుగున పరుచుకుని, శ్రీలంకను దాటి దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున ప్రపంచంలోకెల్లా పెద్ద అవక్షేప విసనకర్రగా ఏర్పడ్డాయి. ఉత్తరాన దీని మందం 16 కిలోమీటర్లను మించుతుంది. అసలు సముద్రపు నేల ఆ బరువు కింద ఇంకా కుంగి ఉంది, మనకు కనిపించే అడుగు హిమాలయాల పొడి.

ఈ మట్టి మరో చిక్కు తెచ్చిపెట్టింది. అది అర్థం కావాలంటే సముద్రగర్భ విస్తరణ, అంటే శ్రేణి దగ్గర కొత్త నేల పుట్టి పక్కలకు సాగడం, ఎలా రుజువైందో చెప్పుకోవాలి. న్యూయార్క్ సమీపంలోని లామాంట్ పరిశోధనాలయంలో మేరీ థార్ప్ 1950ల తొలినాళ్లలో ఓడలు పంపిన లోతు కొలతలను గీతలుగా వేస్తూ, అట్లాంటిక్ శ్రేణి శిఖరం వెంట ఒక పగులులోయ సాగుతోందని గుర్తించారు. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దాన్ని ఒప్పుకోలేదు. భూకంప కేంద్రాలు సరిగ్గా ఆ లోయ వెంటే ఉన్నాయని తేలాక ఒప్పుకోక తప్పలేదు. 1960ల ఆరంభంలో హ్యారీ హెస్, రాబర్ట్ డీట్జ్ సముద్రపు నేల శ్రేణి దగ్గర పుట్టి పక్కలకు సాగుతుందని ప్రతిపాదించారు. అప్పటికి అది ఊహే. రుజువు హిందూ మహాసముద్రం నుంచి వచ్చింది. 1962లో బ్రిటిష్ సర్వే ఓడ ఓవెన్ అరేబియా సముద్రానికి దక్షిణాన, కార్ల్స్‌బర్గ్ శ్రేణి మీద అయస్కాంత కొలతలు తీసింది. వాటి ఆధారంగా ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో తమ వివరణ ప్రచురించారు. బసాల్ట్ చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకుని ఉండిపోతాయి. ఆ దిశ కాలక్రమంలో ఎన్నోసార్లు తలకిందులైంది, చివరిసారి సుమారు 7.8 లక్షల ఏళ్ల క్రితం. కాబట్టి శ్రేణికి రెండు వైపులా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లాంటి పట్టీలు ఏర్పడాలి. ఏర్పడ్డాయి. కెనడాకు చెందిన లారెన్స్ మోర్లీ ఇదే ఆలోచనను స్వతంత్రంగా రాసి పంపితే పత్రికలు తిరస్కరించాయి. ఆ అన్యాయం ఈ శాస్త్ర చరిత్రలో ఇప్పటికీ బాధ కలిగించే ఘట్టం. ఓవెన్ ప్రయాణం అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనలో భాగం. ఆ కృషికి కొనసాగింపుగానే 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ మన దేశంలో ఏర్పడింది. గోవాలో ప్రధాన కేంద్రం ఉన్న ఆ సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఈ పట్టీల పద్ధతి బంగాళాఖాతంలో సులువుగా పని చేయదు. కిలోమీటర్ల మందం మట్టి కింద ఉన్న బసాల్ట్ సంకేతం ఓడలోని పరికరానికి చేరేసరికి నీరసిస్తుంది. అంతకు మించిన అడ్డంకి ఇంకొకటి. సుమారు 12.1 కోట్ల ఏళ్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల క్రితం దాకా భూ అయస్కాంత దిశ దాదాపు తిరగబడనే లేదు. భారత ఖండం అంటార్కిటికా నుంచి దూరమైన కాలంలో పెద్ద భాగం సరిగ్గా ఇదే. ఆ వ్యవధిలో పుట్టిన నేల మీద పట్టీలే పడలేదు. అందువల్ల తూర్పు తీరపు సముద్ర చరిత్రను భూకంప తరంగాలు, గురుత్వాకర్షణ కొలతలు, ఖండాల మీద మిగిలిన శిలల పోలిక సాయంతో తిరిగి అల్లుకోవలసి వస్తోంది. గోపాలపురం ఒడ్డున మెరిసే గార్నెట్, మహేంద్రగిరి చార్నకైట్ అలాంటి సాక్ష్యాలు. పట్టీలు మూగబోయిన చోట రాళ్లే మాట్లాడాలి.

మహారాష్ట్ర సరిహద్దు వైపు కథ వేరు. గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు నదులూ అక్కడ అదే దారి పట్టడం కాకతాళీయం కాదు. చంద్రపూర్ నుంచి ఆగ్నేయంగా తెలంగాణ మీదుగా తీరం వైపు సాగే ఆ పల్లం ఒక పాత పగులులోయ. పెర్మియన్ యుగం నుంచి జురాసిక్ దాకా, కోట్ల ఏళ్ల పాటు, అక్కడ నేల సాగి కుంగుతూ వచ్చింది. కుంగిన తావులో చేరిన అడవులు చంద్రపూర్, బల్లార్పూర్, సింగరేణి బొగ్గుగా మారాయి. సిరొంచ ప్రాంతపు కోటా శిలల్లో దొరికిన బరపసారస్ అనే భారీ రాక్షసబల్లి ఎముకలు ఇప్పుడు కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టి ఉన్నాయి. నది ఒడ్డున బతికిన ఆ జంతువు, దానితోపాటు దొరికిన మంచినీటి చేపల శిలాజాలు చెప్పేది ఒక్కటే: ఆ పగులు లోపలికి సముద్రం రాలేదు. నేల పలచబడింది కానీ తెగిపోలేదు. ప్రావారం పైకి లేచి కరిగి కొత్త సముద్రపు నేలను పుట్టించే స్థాయికి ఆ సాగుడు చేరలేదు. అదే కొనసాగి ఉంటే సిరొంచకూ మంచిర్యాలకూ మధ్య ఇవాళ ఉప్పునీరు ఉండేది.

నాందేడ్, యవత్మాల్ వైపు నల్లరేగడికి తల్లి అయిన దక్కన్ బసాల్ట్ మూడో రకం. 6.6 కోట్ల ఏళ్ల క్రితం నాటి ఆ లావా సముద్రగర్భ శ్రేణిది కాదు, ఖండం మీద వరదలా పారినది. అయినా దానికి శ్రేణితో బంధుత్వం ఉంది. ఆ విస్ఫోటాలు జరిగిన కొద్ది కాలానికే పశ్చిమాన సీషెల్స్ భూభాగం భారత ఖండం నుంచి విడిపోయింది, మధ్యలో కార్ల్స్‌బర్గ్ శ్రేణి మొదలైంది.

శ్రేణుల మీద ఇప్పుడు పరిశోధనతోపాటు ఆర్థిక ఆసక్తి కూడా కమ్ముకుంటోంది. పగుళ్లలోకి ఇంకిన సముద్రపు నీరు కింది వేడికి 350 డిగ్రీలు దాటి, రాతిలోని లోహాలను కరిగించుకుని, వేడి బుగ్గలుగా పైకి చిమ్ముతుంది. చల్లటి నీరు తగలగానే రాగి, జింకు, ఇనుము సల్ఫైడ్లుగా పేరుకుంటాయి. హిందూ మహాసముద్ర శ్రేణులపై 10,000 చదరపు కిలోమీటర్లలో వీటిని అన్వేషించడానికి భారత్ 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. సూర్యరశ్మి లేకుండానే జీవులు బతుకుతున్నాయని 1977లో గాలపాగోస్ దగ్గర బయటపడింది కూడా ఇలాంటి బుగ్గల దగ్గరే. ఆ జీవజాలాన్ని పూర్తిగా నమోదు చేసిన తర్వాతే తవ్వకం మాట ఎత్తడం న్యాయం.

గంజాం తీరవాసులను ఎక్కువగా పట్టించుకునేలా చేసే ప్రశ్న ప్రమాదం గురించినది. పగులు మొదలైన తీరమే అయినా ఇప్పుడిది పలకల హద్దు కాదు. హద్దు దక్షిణానికి వెళ్లిపోయింది కాబట్టి ఇక్కడ భారీ భూకంపాల భయం తక్కువ. 2004 డిసెంబరు 26 సునామీని పుట్టించిన 9.1 తీవ్రత గల భూకంపం, సముద్రపు నేల పుట్టే చోట రాలేదు, అది ముగిసే చోట, సుమత్రా, అండమాన్ దీవుల కింద నేల కుంగిపోయే హద్దులో వచ్చింది. అయితే పుట్టుకనాటి గుర్తులు మధ్యలో కూడా ప్రభావం చూపుతాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పశ్చిమంగా, ఆ హద్దుకు బయట, సముద్రపు పలక నడుమ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, రెండు గంటల తర్వాత 8.2 తీవ్రతతో మరొకటి. శ్రేణి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి తొలగి ఉండే చోట ఏర్పడి, నేలతోపాటు కోట్ల ఏళ్లు ప్రయాణించిన పాత చీలికలు ఆ రోజు తిరిగి కదిలాయి. నేల నిలువుగా లేవకుండా పక్కకు జరగడం వల్ల పెద్ద సునామీ రాలేదు. భారత, ఆస్ట్రేలియా పలకలు అక్కడ మెల్లగా వేరవుతున్నాయనీ, రెంటి మధ్య కొత్త హద్దు తయారవుతోందనీ చాలా మంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ ప్రాంతంలోని కదలికలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్లు గమనిస్తోంది. గోపాలపురం, ఛత్రపురం తీరాలకు సునామీ హెచ్చరిక అందేది అక్కడి నుంచే.